చిల్లు గిన్నె

ఫ్యాక్టరీలో నా పని చొక్కాలు తనిఖీ చేయడం. కుట్టు వెంట్రుకవాసి వంకరపోయినా పక్కన పడేయాలి. పదిహేనేళ్లుగా వంకరలు వెతికి వెతికి ప్రాణం విసిగింది. అందుకే ఒక ఆదివారం, కాల్చకుండానే గట్టిపడే మట్టి కొనుక్కొచ్చి, వంటింటి గట్టు మీద కావాలనే ఒక వంకర గిన్నె చేశాను. ఎంత హాయిగా ఉందో!

"దేనికిది?" అన్నారు మావారు.

"ఊరికే."

మా ఇంట్లో ఆ మాట బూతుతో సమానం. గిన్నె ఆరగానే ఆయన అందులో తాళాలు పడేశారు. రెండోది చేస్తే అత్తయ్య ఉప్పు పోశారు. మూడోది ఇంకా తడిగా ఉండగానే ఆడపడుచు ఫోను: "వదినా, నాకూ ఓ డజను చేసిపెట్టవూ? అన్నీ ఒకేలా ఉండాలి సుమా!"

నాకు ఒళ్లు మండింది. నాలుగో గిన్నె అడుగున బొటనవేలితో ఇంత చిల్లు పొడిచాను. ఇప్పుడు దేనికి వాడుకుంటారో చూస్తా అనుకుని, దాన్ని కిటికీలో ఆరబెట్టి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మావారు వచ్చి గిన్నె ఎత్తి, ఆ చిల్లులోంచి నన్ను చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"భలే ఆలోచించావే! నీళ్లు కిందికి పోవడానికేగా? మొక్క పెట్టుకోవచ్చు!"