ఇరవై ఆరు కొట్టివేతలు

తనిఖీ అధికారి లెక్కల జవాబు పత్రాలను బల్ల మీద వరుసగా పరిచాడు. ఇరవై ఆరు. అన్నిటిలోనూ ఏడో లెక్క మూడో వరుసలో 48 కొట్టేసి, పక్కనే 84 రాసి ఉంది.

లెక్కల టీచరు ఆ కొట్టివేతల్ని చూడగానే గుర్తుపట్టింది. పరీక్ష రోజు తలుపు దగ్గరగా వేసి జవాబులు చెప్పింది తనే. నోరు జారి నలభై ఎనిమిది అంది; వెంటనే "కొట్టేయండి, ఎనభై నాలుగు" అని సర్దుకుంది. చెప్పిన మాట వినే పిల్లలు. అందరూ కొట్టేశారు.

"అందరికీ ఒకేచోట పొరపాటు, ఒకేచోట జ్ఞానోదయం! భలే పిల్లలండీ," అన్నాడు అధికారి. "ఒకళ్ళది ఒకళ్ళు చూసి రాస్తే పిల్లల్ని రెండేళ్ళు పరీక్షకు రానివ్వరు. టీచరే చెబితే పిల్లలకు మళ్ళీ పరీక్ష, స్కూలుకు గుర్తింపు రద్దు. ఆ గదిలో ఉన్నది మీరేగా? ఏం జరిగిందో రాసివ్వండి."

ఆయన గది చూడటానికి వెళ్ళగానే హెడ్మాస్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. స్కూలు ఆయనదే. ఆమెకు స్వయానా బావగారు, భర్తకు అన్న.

"అమ్మాయ్, పిల్లలే చూసి రాశారని రెండు ముక్కలు రాసిచ్చేయ్."

"రెండేళ్ళు బావగారూ!"

"ఇట్టే గడిచిపోతాయి. స్కూలు మూతబడితే పదకొండు మంది టీచర్లు రోడ్డున పడతారు, మా తమ్ముడితో సహా."

"జవాబులు చెప్పమన్నది మీరే కదా."

"చెప్పమన్నాను. తప్పు చెప్పి కొట్టేయించమన్నానా?"

ఆమె కలం మూత తీసి "పిల్లలు" అని రాసింది. అక్కడే ఆగింది. ఎదురుగా ఉన్న పత్రం మొదటి బెంచి పిల్లది. చేతిరాత చూస్తేనే తెలుస్తుంది. మార్జినులో చిత్తు లెక్క తప్పులేకుండా చేసుకుంది. 84 అనే వచ్చింది. అయినా టీచరు చెప్పిందని 48 రాసి, టీచరు చెప్పిందనే కొట్టేసింది.

వరండాలో బూట్ల చప్పుడు దగ్గరయింది.

"త్వరగా కానీ," అన్నాడు బావగారు పళ్ళ బిగువున.

ఆమె వేరే కాగితం తీసుకుంది. జవాబులు తానే చెప్పానని, హెడ్మాస్టరు గారు చెప్పమంటేనే చెప్పానని రాసి సంతకం పెట్టింది.

"కొంప ముంచావు కదమ్మా!"

అధికారి కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "మీకిక ఎక్కడా ఉద్యోగం ఇవ్వరు. తెలుసుగా?"

"తెలుసండీ. పిల్లలకు పరీక్ష ఎప్పుడు?"

"నెలలోపు. వేరే స్కూల్లో."

"అయితే ఈ నెలా వాళ్ళకి పాఠం…"

"మీరు చెప్పకూడదు," అన్నాడు అధికారి. "ఇవాళ్టి నుంచి మీరు క్లాసులో అడుగు పెట్టకూడదు."