గేటు పక్క సాళ్ళు

జనవరి చలి ఇంకా పోలేదు. పొద్దున్నే తోటకు వచ్చిన ప్రేమల గేటు దాటగానే ఆగిపోయింది. ఎదురుగా తీగల మీది లేతాకులన్నీ విసనకర్రల్లా మడతలు పడ్డాయి. చిగుళ్ళు మెలికలు తిరిగి కిందికి వాలాయి. గుత్తులు ఎదుగూ బొదుగూ లేక గిడసబారి ఉన్నాయి.

బాన్సువాడ చుట్టుపక్కల ఎటు చూసినా వరి, లేకపోతే చెరుకు. కాలువ నీళ్ళెక్కని ఎర్రచెల్కలో ద్రాక్ష పెడతానన్నప్పుడు ప్రేమల భర్త ముత్తెన్నను చూసి నవ్వనివాళ్ళు లేరు. అతను పట్టించుకోలేదు. రాళ్ళేరాడు, రాతి కడీలు పాతాడు, తీగలు పాకించాడు. కూతురు సౌజన్య నాసిక్ వెళ్ళి వైన్ చేయడం నేర్చుకొచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగి పర్మిషన్ తెచ్చుకుని, కిందటేడు షెడ్డులో స్టీలు ట్యాంకులు దింపారు. రసం పులుస్తూ బుసబుసలాడుతుంటే ప్రేమల ట్యాంకుకు చెవి ఆనించి వినేది. తాను చుక్క కూడా నోట్లో పోసుకోలేదు కానీ, ఆ వాసన రోజురోజుకూ ఎట్లా మారుతుందో ఆమెకు బాగా పట్టుబడింది.

తోటకు నీళ్ళు మాత్రం పక్క చేను ఆబిద్ బోరువి. తమ బోరు ఎండిపోయిన ఎండాకాలం అతనే వచ్చి పైపు కలిపాడు. "మీరు రసం తీసి ఏం చేస్కుంటరో నాకెందుకన్నా, నేనిచ్చేది నీళ్ళు" అని నవ్వాడు. అతని భార్య మెహరాజ్ బేగం, ప్రేమల ఒకరినొకరు అక్కాచెల్లెళ్ళలా పిలుచుకుంటారు.

ప్రేమల కేకేస్తే తండ్రితో కలిసి వచ్చిన సౌజన్య ఆకు తెంపి వెలుతురుకు పెట్టి చూసింది. "తెగులు కాదు నాయినా. కలుపు మందు తగిలింది. వరిలో, చెరుకులో కొడతరు సూడు, గది. ద్రాక్షకు దాని గాలి సోకినా సాలు."

"ఇంకేంది మరి?" ముత్తెన్న ముఖం నల్లబడింది. "మొన్ననే గదా ఆబిద్ చెరుకుల కొట్టిచ్చిండు."

"ఆగు నాయినా, ముందు సూద్దాం..."

అతను ఆగలేదు. బండి తీసి రోడ్డు మీది చాయ్ హోటల్‌కు పోయాడు. ప్రేమల ఆటో ఎక్కి అక్కడికి చేరేసరికి జనం మూగి ఉన్నారు. ఆబిద్ చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఉంది.

"గాలి లేనిది సూసే కొట్టిన అన్నా. నీ తోట నాకెర్క లేదా?"

"ఎర్కుండే కొట్టినవ్. మేం వైన్ చేస్తున్నమని నీకు కడుపుల మంట. ఒక చేత్తో నీళ్ళిచ్చి ఇంకో చేత్తో ఇషం పోసినవ్. మీవోళ్ళంతా గంతే!"

ఆబిద్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మావోళ్ళంటే ఎవరన్నా?" అని మాత్రం అడిగాడు. ప్రేమల భర్త చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పైపులో నీళ్ళు రాలేదు.

ముత్తెన్న మంచం దిగలేదు. ప్రేమల ఒక్కతే సాలు సాలూ తిరిగింది. ఆబిద్ చెరుకు చేను తమ తోటకు తూర్పున ఉంది. మందు గాలిలో వచ్చి ఉంటే ఆ గట్టు వెంబడి తీగలే ముందు చెడాలి. అక్కడ ఆకులు అరచేతిలా విచ్చుకుని నవనవలాడుతున్నాయి. గేటు దగ్గర, అంటే పడమటి కొసన, బాగా ముడుచుకున్నాయి. అక్కడినుంచి లోపలికి పోతున్నకొద్దీ మెలికలు తగ్గుతున్నాయి.

మందు కొట్టడం గేటు దగ్గర మొదలుపెట్టేది ఎవరు? బూడిద తెగులుకని ముత్తెన్న మందు కొట్టింది ఆ సాళ్ళలోంచే. దానికి ముందు అదే డ్రమ్ము, అదే పంపుతో తమ కింది మడిలో వరికి కలుపు మందు కొట్టాడు.

ఇంటికొచ్చి భర్త పక్కన కూర్చుంది. "డ్రమ్ము ఎట్ల కడిగినవయ్యా?"

"ఎట్ల కడుగుతరు? నీళ్ళు పోసి తొలిచిన."

"సబ్బు పెట్టలే? ఉత్త నీళ్ళకు ఆ మందు పోతదా?"

అతను లేచి కూర్చున్నాడు. "ఏందే, నేనే సంపుకున్ననంటవా నా తోటను?"

"గట్టు దిక్కు పోయి సూడు. సూసినంక నన్ను ఎన్ని మాటలన్నా పడత."

అతను చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. చాలాసేపటికి వచ్చాడు. అరుగు మీద కూలబడి రెండు చేతులూ ముఖానికి కప్పుకున్నాడు. ప్రేమలకు ఓదార్చాలనిపించింది, కోపమూ వచ్చింది.

"తోట పోతే పోనీ, మల్ల పెంచుకుంటం. నువ్వన్న మాట ఎట్ల?" అంది.

ముత్తెన్న అదే హోటల్‌కు పోయాడు. అంతమందిలోనే నిలబడి చెప్పాడు. "తప్పు నాది. డ్రమ్ము సరిగ కడగలే. ఆబిద్ మందు నా తోట మీద పడలే."

ఆబిద్ విన్నాడు. "మందు సంగతి సరే అన్నా" అన్నాడు మెల్లగా. "ఇంకో మాట గూడ అన్నవ్ గదా."

"తప్పయింది తమ్మీ."

ఆబిద్ చాయ్ తాగడం అయ్యాక బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

సాయంత్రానికి పైపులో నీళ్ళు వచ్చాయి. ప్రేమల ఆ ఇంటికి పోతే మెహరాజ్ బేగం ఎప్పటిలాగే పీట వేసింది. "మోటర్ ఏసింది నేనే చెల్లె. ఆయన వద్దనలేదు, ఏయమని గూడ అనలేదు" అంది.

ఆ ఏడు పంట లేదు. పండని కాయను సౌజన్య షెడ్డులోకి రానివ్వలేదు. ఖాళీ ట్యాంకులు కడిగి మూతలు వేసి, నాసిక్ దగ్గర ఒక వైనరీలో కొన్నాళ్ళ పనికి ఒప్పుకుని వెళ్ళిపోయింది. పోయేముందు "మందు కొమ్మల ఉండిపోతది. వచ్చే ఏడు గూడ కొన్ని ఆకులు గిట్లనే వస్తయి, భయపడకున్రి" అని చెప్పింది.

ఏప్రిల్‌లో ముత్తెన్న, ప్రేమల కత్తెరలు పట్టి తీగలను మొదటికంటా కోశారు. కొత్త చిగుళ్ళలో కొన్ని చక్కగా విచ్చుకున్నాయి, కొన్ని మడతలతోనే వచ్చాయి. మునుపు తోటలోంచి అడ్డదారిన పోయే ఆబిద్ ఇప్పుడు రోడ్డు చుట్టూ తిరిగి చేనికి పోతున్నాడు.

ఒకనాడు ఆ బండి చప్పుడు విని ముత్తెన్న చేతిలో కత్తెర ఆపాడు. "ఆబిద్ చెరుకు మొదళ్ళకు మట్టి ఎగేసుడు అయిపోయిందంటవా?"

"నన్నెందుకడుగుతవ్? పోయి ఆయన్నే అడుగు" అంది ప్రేమల.

అతను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, ఇంకో తీగ అందుకున్నాడు.