అరవై అయిదో వృత్తి

ఒటకర్‌కి చిందరవందర అంటే ఒళ్లు మంట. ముప్పై నాలుగేళ్లపాటు చెక్ దేశంలోని ప్రెరోవ్ రైల్వే స్టేషన్లో ఏ బండి ఏ పట్టాల మీదికి పోవాలో చెప్పిన మనిషి. రిటైరయ్యాక చెప్పడానికి బళ్లు లేవు, ఊరుకోవడానికి ప్రాణం ఒప్పదు. దాంతో ఆయన దృష్టంతా ఒక వెబ్‌సైటు మీద పడింది.

ఆ సైటు ‘ఏడు నదులు’ అనే ఆటది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక వేషం ఎంచుకుని, పాచికలు వేసుకుంటూ కథ నడిపించుకునే ఆట. వేషమంటే మొహానికి రంగు కాదు, ఒక కాగితం. పేరు, ఊరు, వృత్తి, ఆ వృత్తితో వచ్చే విద్యలు, అంతే. ఏయే వృత్తులున్నాయో, దేనికి ఏ విద్యలొస్తాయో తెలియాలంటే దేశంలో ఏ మూలవాళ్లయినా ఒటకర్ జాబితా తెరవాల్సిందే. చేసిన వేషాన్ని అక్కడే దాచుకోవచ్చు. కింద ఒక ఖాళీ పెట్టె ఉంటుంది, అందులో తోచింది రాసుకోవచ్చు.

ఎవరు ఏ వృత్తి కల్పించి పంపినా చేర్చుకుంటూ పోవడంతో జాబితా చేంతాడంత అయింది. మొత్తం రెండువందల తొంభై వృత్తులు. దొంగలే పదకొండు రకాలు. బ్ర్నో నగరం నుంచి ఒక అమ్మాయి రాసింది: “మీ జాబితా చివరికొచ్చేసరికి నా వేషం ముసలిదై చచ్చిపోయింది, తాతగారూ.”

ఆ మాట ఒటకర్‌కి సూదిలా గుచ్చుకుంది. ఈ చలికాలం పోయేలోగా అరవై నాలుగుకి కుదించేస్తానని శపథం చేశాడు. అరవై నాలుగే ఎందుకంటే, వరసకి ఎనిమిది చొప్పున ఎనిమిది వరసలు, చూడ్డానికి చదరంగం బల్లలా ఉంటుంది. మూడేళ్లుగా ఎవరూ ఆడని వృత్తిని దానికి దగ్గరి చుట్టమైన వృత్తిలో కలిపెయ్యడం ఆయన పెట్టుకున్న పద్ధతి. ఆయన ముందున్న పట్టికలో వృత్తి పేరు, ఎన్ని వేషాలు, ఎన్ని ఆటలు, ఎవరైనా తెరిచి చూస్తున్నారా అన్న అంకెలుంటాయి. మనుషుల పేర్లుండవు. పేరు కావాలంటే అంకె మీద నొక్కాలి.

పని జరిగేది బోహుష్ టీ దుకాణం మేడ మీద. వాళ్లు ప్రతి గురువారం ఆడుకునేదీ ఆ గదిలోనే. సైటు వెనకాల ఉండే యంత్రం సంగతులు కూడా బోహుషే చూసుకుంటాడు.

“వంతెన కాపరి,” చదివాడు ఒటకర్. “అయిదు విద్యలు కావలివాడివే. ఆరోది ఒక్కటే సొంతం. ఒకసారి వంతెన దాటినవాళ్లని అడుగుల చప్పుడుతో ఎప్పటికైనా గుర్తుపడతాడట. ఇది దేనికి పనికొస్తుందోయ్?”

“అత్తగారు వస్తోందని ముందే తెలుసుకుని పారిపోడానికి,” అన్నాడు బోహుష్.

“ఆరేళ్లుగా ఒక్క ఆట లేదు. ఉన్నదే ఒక్క వేషం.”

బోహుష్ భుజం మీంచి తొంగి చూశాడు. “ఎవరో తెరుస్తున్నట్టున్నారే. ప్రతి గురువారం, అయిదున్నరకి. పది నిమిషాలు.”

“మనిషన్నవాడు అంత టైముకి వస్తాడా? మన రైళ్లే రావు. మిషనది. వెతికే మిషన్లు లోకంలో ఉన్న పేజీలన్నీ ఇలాగే తిరుగుతుంటాయి.”

“అంత గట్టిగా ఎలా చెప్తావు?”

“ఆరేళ్లలో ఒక్క వారం తప్పలేదయ్యా! మనుషులకైతే జలుబు చేస్తుంది, పెళ్లిళ్లొస్తాయి, విసుగు పుడుతుంది.”

అంటూనే వంతెన కాపరిని కావలివాడిలో కలిపేశాడు. ఆ ఒక్క వేషం ఎవరిదో నొక్కి చూస్తే సరిపోయేది. రెండువందల ఇరవై ఆరు వృత్తులు తీసెయ్యాల్సిన మనిషికి అంత ఓపిక ఎక్కడిది? సాయంత్రానికి ఇంకో తొమ్మిదింటిని సర్దేసి, హాయిగా బీరు తాగడానికి పోయాడు.

మూడో గురువారం, వాళ్లు ఆట మొదలుపెట్టబోతుండగా, ఒకామె మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి, తలకి ఊదారంగు రుమాలు, చేతులు వేడినీళ్లలో నానినట్టు ఎర్రగా ఉన్నాయి. స్కూలు భోజనశాలలో వంట చేసే హెడ్విక. అక్కడెవరికీ ఆమె మొహం సరిగా గుర్తులేదు.

“జాబితాల ఆయన ఎవరు?”

“నేనేనమ్మా,” లేచాడు ఒటకర్.

“హొస్తివిత్‌ని ఏం చేశారు?”

ఆ పేరు చెవిన పడగానే ఒటకర్ చూపు తనకు తెలీకుండానే కిటికీ పక్క కుర్చీ మీదికి పోయింది. హొస్తివిత్! రదోవన్ వేషం. పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు రదోవన్. మెల్లగా మాట్లాడేవాడు, పాచికల్ని అరచేతిలో వెచ్చబెట్టుకుని వేసేవాడు. ఆరేళ్ల కిందట జనవరిలో, పాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ గుండె ఆగిపోయి పడిపోయాడు. అందరూ కలిసి పూలచక్రం పట్టుకెళ్లారు. ఈమె ఆయన భార్య. వంతెన కాపరి అనే వృత్తిని కల్పించి పంపిందీ రదోవనే. ఆ సంగతి ఒటకర్‌కి తెలుసు. తెలిసీ మర్చిపోయాడు.

“గురువారం తెరిస్తే ‘కావలివాడు’ అనుంది. కింద రాసిందంతా పోయి తెల్లగా ఉంది. నాకీ మిషన్లు సరిగా తెలీవు. నేనే ఏదో నొక్కి చెడగొట్టానేమోనని పదిహేను రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి స్కూల్లో కుర్ర టీచర్ని అడిగితే, మీ తప్పేం లేదు, ఆ సైటువాళ్లే తీసేశారు అన్నాడు.”

“అయిదున్నరకి తెరిచేది మీరా?” అన్నాడు బోహుష్. ఒటకర్ వైపు మాత్రం చూడలేదు.

“ఆయన ఇంట్లోంచి బయల్దేరే టైమది. ఇంకెప్పుడు తెరవాలి?” ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “బతికినన్నాళ్లూ ఆయన్ని నేను సాధించుకు తిన్నాను. యాభై ఏళ్లొచ్చి ఈ పిల్లాటలేంటి, నలుగురు వింటే నవ్విపోతారు అనేదాన్ని. పోయాక ఆయన కంప్యూటర్ తెరిస్తే ఈ హొస్తివిత్ కనిపించాడు. ఆడిన రోజల్లా కింద పెట్టెలో నాలుగు ముక్కలు రాసుకున్నాడు, ఆ కాపరే రాసుకున్నట్టు. అందులో ఒకామె ఉంది. రోజూ బుట్ట పట్టుకుని వంతెన దాటుతుంది, రోజూ అతన్ని తిట్టిపోస్తుంది. ఆమె రాని రోజున తను ఈ వంతెన ఎందుకు కాస్తున్నాడో అతనికి గుర్తుండదట.” ఆమె రుమాలు ముడి బిగించుకుంది. “నాకు ఒక్కనాడూ చెప్పలేదండీ.”

బోహుష్ యంత్రం ముందు కూర్చుని గంటసేపు వెతికాడు. వృత్తి తిరిగొచ్చింది, దాని విద్యలు తిరిగొచ్చాయి. రాత మాత్రం రాలేదు. వేషానికి వృత్తి మారితే కింది పెట్టె ఖాళీ అయిపోవాలని తొమ్మిదేళ్ల కిందట ఒటకరే పట్టుబట్టాడు, పాత వృత్తి కబుర్లు కొత్త వృత్తి కింద ఎందుకని. జాబితాకి ప్రతి రోజూ నకలు తీయిస్తాడు గానీ, ఆటగాళ్లు రాసుకున్న వాటికి నకలు అక్కర్లేదన్నదీ ఆయనే. ఆ చెత్తంతా ఎవడు దాస్తాడు అన్నాడు అప్పట్లో. బోహుష్‌కి ఆ మాట గుర్తుంది. గుర్తున్నట్టు మొహంలో కనిపించింది కూడా.

“తప్పంతా నాదేనమ్మా. నన్ను క్షమించండి,” అన్నాడు ఒటకర్. ఆయనకి నిజంగా అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

“మీ క్షమాపణ నేనేం చేసుకోను? వండుకోనా?” హెడ్విక కళ్లు తుడుచుకుంది. “నాకంతా నోటికొచ్చు. చెప్తాను, రాసుకోండి.”

వరసగా మూడు శనివారాలు మధ్యాహ్నం పూట ఒటకర్ ఆమె వంటింట్లో కూర్చుని టైపు చేశాడు. ఆమె పిండి కలుపుతూనో, ఉడికిన పిండి ముద్దల్ని దారంతో కోస్తూనో చెప్పేది. అప్పుడప్పుడు కళ్లు మూసుకునేది. ‘ఈరోజు వంతెన మీద మంచు. ఆమె జారిపడుతుందని ఇసక చల్లాను. తన బూట్లు పాడవుతాయని తిట్టింది.’ ‘ఈరోజు పదిమంది సైనికులు దాటారు. ఒక్కడి అడుగూ గుర్తులేదు. ఆమె అడుగు మాత్రం మలుపు దగ్గరే తెలిసింది.’ మనసులోని మాట ఎన్నడూ పైకి అనని రదోవన్, ఆ వంటింట్లో అంతా చెప్పేస్తున్నట్టే ఉంది. ఒటకర్ రెండుసార్లు కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సొచ్చింది.

మూడో శనివారం, వరదొచ్చిన రోజు దగ్గర ఆమె ఆగిపోయింది.

“బెచ్వా నది పొంగింది. అయినా ఆమె వచ్చింది. రుమాలు తడిసింది... కాదు, బుట్ట తడిసింది.” పిండి చేతుల్తోనే నుదురు పట్టుకుంది. “రుమాలా, బుట్టా?”

“నిదానంగా గుర్తు చేసుకోండి.”

“మూడొందల సార్లు చదివానండీ. ఎదురుగానే ఉంటుందిలే, ఎక్కడికి పోతుందని ధీమాగా ఉన్నాను.”

“పోనీ, రెండూ అని రాద్దామా?”

“రెండూ తడిస్తే ఆమె మంచాన పడేది. మర్నాడొచ్చి ఎలా తిట్టింది మరి?” నవ్వబోయింది గానీ ఏడుపొచ్చేసింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఒటకర్ ఏం చెయ్యాలో తోచక పొయ్యి మీది కుండ కింద మంట తగ్గించి వచ్చాడు. చాలాసేపటికి ఆమె, “బుట్ట అని రాయండి,” అంది. రాశాడు.

వంతెన కాపరి జాబితాలోనే ఉండిపోయాడు. అరవై నాలుగు వృత్తులూ ఎనిమిది వరసల్లో కుదురుగా కూర్చున్నాక, అరవై అయిదోది కింద ఒంటరిగా వేలాడింది. “పంటి కింద రాయిలా లేదూ?” అని బోహుష్ ఆట పట్టించబోయాడు. “ఉండనీ,” అన్నాడు ఒటకర్. బోహుష్ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

గురువారం వచ్చింది. అయిదుంపావు నుంచే ఒటకర్ పట్టిక ముందు కూర్చున్నాడు. అయిదున్నరైంది. అయిదూ ముప్పావైంది. వంతెన కాపరి పేజీని ఎవరూ తెరవలేదు. ఆలస్యమైన బండి కోసం చూసినట్టు ఆరున్నర దాకా చూశాడు. పై గురువారమూ అంతే. ఫోను చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని, ఏమని అడగాలో తెలీక పక్కన పెట్టేశాడు.

మూడో గురువారం అయిదున్నరకి హెడ్వికే మెట్లెక్కి వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన కేకు. బోహుష్ టీ తెచ్చి పెట్టాడు.

“మీరు తెరుస్తారని చూశాను,” అన్నాడు ఒటకర్. “మళ్లీ ఏమైనా పోయిందా? ఎక్కడైనా తప్పు రాశానా?”

“లేదండీ, పాపం, శ్రద్ధగా రాశారు. మీరు రాసిన మర్నాడే ఒకసారి తెరిచాను. మాటలన్నీ ఉన్నాయి.” ఆమె టీ కప్పు చుట్టూ వేళ్లు చుట్టుకుంది. “చదువుతుంటే నా గొంతే వినిపిస్తోంది. ఇదివరకు ఆయన గొంతు వినిపించేది. ఇంక తెరవబుద్ధి కావడం లేదు.”

తను చేసిన నష్టమెంతో ఒటకర్‌కి అప్పుడే పూర్తిగా తెలిసింది. దాన్ని పూడ్చే విద్య ఏ జాబితాలోనూ లేదు.

ఆమె ఒక గుక్క టీ తాగి అడిగింది. “ఒక సంగతి చెప్పండి. పదకొండేళ్లు ఆయన ఈ మెట్లెక్కి రావడం విన్నారు మీరు. నాకు ఇంట్లోంచి వెళ్లే చప్పుడే తెలుసు గానీ, ఎక్కడికైనా చేరే చప్పుడు తెలీదు. ఎలా వచ్చేవాడు?”

ఒటకర్ కళ్లు మూసుకున్నాడు. కూత వినకుండానే, చక్రాల చప్పుడుతో ఏ ఇంజనో చెప్పగల చెవులాయనవి. అలాంటిది రదోవన్ అడుగు మాత్రం గుర్తుకు రాలేదు. మెల్లగా వచ్చేవాడనో, మూడో మెట్టు కిర్రుమనేదనో ఏదో ఒకటి చెప్పి ఆమె మనసు కుదుటపరుద్దామనిపించింది. వద్దనుకున్నాడు. రదోవన్ మాటల్లో ఇప్పటికే పరాయి మాటలు చాలా కలిశాయి. అలాగే కూర్చుని ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది.

“మెట్ల మధ్య మలుపు దగ్గర ఆగేవాడు,” అన్నాడు. “వచ్చినప్పుడల్లా. ఒక అరనిమిషం. ఏదో గొణుక్కుంటున్నట్టు వినిపించేది. ఆ తర్వాతే పైకి వచ్చేవాడు.”

“అవునవును,” అన్నాడు బోహుష్. “ఆయాసమనుకున్నాం. పొట్ట తగ్గించవయ్యా అని నేను ఏడిపించేవాణ్ని కూడా. నవ్వి ఊరుకునేవాడు.”

హెడ్విక కప్పు కింద పెట్టింది.

“ఆయాసం కాదు,” అంది. “ఫోను. నాకు ఫోన్ చేసేవాడు, ‘చేరానే’ అని. ప్రతి గురువారం. రెండు వీధుల అవతల్నుంచి వచ్చే మనిషికి ఫోనెందుకని నాకు మంట. ‘చేరితే చేరావు, పెట్టెయ్’ అనేదాన్ని.”

ఆమె రుమాలు సరిచేసుకుని, కేకు చల్లారకముందే తినమని చెప్పి లేచింది. ఒటకర్ తలుపు దాకా వెళ్లి మెట్ల దీపం వేశాడు. ఆట కోసం వచ్చినవాళ్లలో ఒకరు పాచికలు గలగలలాడించబోతే చెయ్యెత్తి ఆపాడు. ఆమె అడుగులు ఒక్కొక్క మెట్టే దిగి, మధ్య మలుపు దగ్గర ఆగిపోయాయి. ఒటకర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అరనిమిషం తర్వాత ఆమె మిగిలిన మెట్లు దిగి వెళ్లడం వినిపించింది.