కెమెరా లోపలుంది

జరగని వార్తకు దండం పెట్టుకునే విలేకరి ఎక్కడైనా ఉంటాడా అంటే, మార్కాపురంలో ఒకడున్నాడు. పేరు గోవర్ధన్. ఒక తెలుగు వార్తా చానల్‌కు జీతం లేకుండా వార్తకింతని పనిచేసే స్ట్రింగరు. ఆ రోజు తలచుకుంటే చాలు, అతని చేతులు ఇప్పటికీ వాటంతటవే జోడవుతాయి.

ముందురోజు పొద్దున బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను ఏడుకొండల్ని. గండ్రగొడ్డలి సేన అధ్యక్షుణ్ణి. రేపు పీర్ల పండగ గదా, పదకొండుకు రాళ్లవాగుపల్లెకు రా. కెమెరా మర్చిపోవాక."

"ఏముందక్కడ?"

"పీర్ల చావిడి తలుపుకు నల్లరంగు పూసి తాళం వేస్తాండాం. హిందువులు పీర్లు ఎత్తుకునేదేందన్నా? ఎవరో ఒకరు ఆపాల గదా."

గోవర్ధన్ టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. అవతల ఏడుకొండలు మాత్రం పెళ్లి ముహూర్తం ఖాయం చేసుకునేవాడిలా నింపాదిగా అడుగుతున్నాడు.

"పదకొండయితే పన్నెండు గంటల బులెటిన్‌కు అందుతుందా అన్నా? లేదంటే అరగంట ముందు చేయమంటావా? నీ ఇష్టం."

త్రిపురాంతకం అవతల ఉండే ఆ చిన్న పల్లెను గోవర్ధన్ బాగా ఎరుగును. పీర్ల పెట్టె తెరిచేది మౌలాలి సాహెబు. మొదటి పీరు ఎత్తుకునేది గొర్రెల యల్లయ్య, అంతకుముందు వాళ్ల నాయన, ఆయన కంటే ముందు తాత. ఏటా మొహర్రంలో పండగ సాయంత్రం పీర్లు లేచేటప్పుడు గోవర్ధన్ వెళ్లి నాలుగు షాట్లు తీసుకుంటాడు. యల్లయ్య భార్య కొండమ్మ బెల్లం కలిపిన మలీదా ముద్దలు కాగితంలో చుట్టి చేతిలో పెడుతుంది. ఆ ఊళ్లో ఎవరిది ఏ మతమని అడిగితే, ముందు ఎవరివి ఎన్ని గొర్రెలో చెప్తారు.

ఆ తలుపు మీద నల్లరంగు ఒక్కసారి టీవీలో పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. పోయినేడు వేరే జిల్లాలో ఇట్లాంటిదే జరిగింది. చేసింది నలుగురు. చానళ్లన్నీ పొద్దుగూకేదాకా అదే ముక్కను తిప్పి తిప్పి చూపించాయి. సాయంత్రానికి రెండు వీధుల్లో దుకాణాలు మూతబడ్డాయి. గోడలు కలిసిన ఇళ్లవాళ్లు ఈ రోజుకూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదట.

గోవర్ధన్ మొదట ఎస్సైకి ఫోన్ చేశాడు. "మంచి పని చేసినావు. ఇద్దర్ని పంపుతా. దోర్నాల కాడ బందోబస్తు నుంచి రావాల, కొంచెం ఆలస్యమైతే అవుతది" అన్నాడాయన.

ఇక రెండో సమస్య చానల్. స్ట్రింగరు బతుకులో తప్పు వార్త పంపినా మాట పడతాడో లేదో కానీ, 'మిస్' అయితే మాత్రం తప్పించుకోలేడు. పక్క చానల్లో వచ్చింది మన చానల్లో రాకపోతే సంజాయిషీ చెప్పాలి. అందుకే ఊళ్లో విలేకరులంతా ఒక కట్టు మీద ఉంటారు. ఒకడు వెళ్లి తీస్తాడు, మిగతావాళ్లకు పంపుతాడు. అందరికీ వచ్చిందంటే ఎవరికీ మాట రాదు.

గోవర్ధన్ ఆ కట్టునే తిరగేశాడు. అందర్నీ టీకొట్టు దగ్గరికి పిలిచాడు.

"మనం కలిసి వార్తలిస్తాం గదా. ఈసారి అందరం కలిసి మిస్ అవుదాం. కెమెరా పోకుంటే వాళ్లు తాళమూ వేయరు, రంగూ పూయరు. ఆ ఏడుకొండలు మన బులెటిన్ టైము చూసుకోని గదా ధర్మాన్ని కాపాడేది!"

అందరూ నవ్వారు. వాళ్లలో ఓబులేసు అందరికంటే ముందు ఒప్పుకున్నాడు. తక్కినవాళ్లూ తలలూపారు. ఒక్క శ్యాంసన్ మాత్రం బిస్కెట్టు టీలో ముంచుకుంటూ కూర్చున్నాడు. శ్యాంసన్ అంటే పోటీ చానల్. గోవర్ధన్ నోటి దగ్గరి వార్తను లాక్కుపోయి 'ఎక్స్‌క్లూజివ్' అని వేసుకునే రకం.

"నువ్వేమంటావు బావా?"

"చూద్దాంలే బావా" అన్నాడు శ్యాంసన్. బిస్కెట్టు మెత్తబడి గ్లాసులో పడిపోయింది. దాన్ని వేలితో వెతుక్కుంటూ ఉండిపోయాడు.

మర్నాడు పది దాటాక ఓబులేసు ఫోన్ చేశాడు.

"అన్నా, కొంప మునిగింది! శ్యాంసన్ తిపురాంతకం రోడ్డున పోతాండాడు. వీపుకు కెమెరా బ్యాగు."

గోవర్ధన్ ఆ ఫోన్ పెట్టేశాడు. శ్యాంసన్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. అదే నిమిషంలో విజయవాడ నుంచి తన చానల్ డెస్క్ ఇన్‌చార్జి ప్రసన్న ఫోన్. "గోవర్ధన్ గారూ, మీ వైపు పీర్ల దగ్గర ఏదో గొడవట కదా? సోషల్ మీడియాలో ఎవడో పోస్టరు పెట్టాడు. మనకు విజువల్స్ ఉంటాయా?"

"కనుక్కుంటున్నా మేడం" అని పెట్టేసి బండి తీశాడు. పోయి శ్యాంసన్ కాళ్లయినా పట్టుకోవాలి. కాళ్లు పట్టుకున్నా వినకపోతే? బండి ఎక్కినవాడు మళ్లీ దిగి లోపలికి వెళ్లి తన కెమెరా బ్యాగు కూడా భుజాన వేసుకున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే, ఎందుకైనా మంచిదని చెప్పేవాడు.

ఎండ మాడు పగలగొడుతోంది. దారి పొడుగునా అతని కళ్ల ముందు ఒకటే బొమ్మ: తెల్లరంగు వేసిన తలుపు, దాని మీద నల్లరంగు, కింద ఎర్ర అక్షరాలతో పోటీ చానల్ స్క్రోలింగ్.

రాళ్లవాగుపల్లెలో చావిడి ముందు బండి ఆపేసరికి అతను చూసింది వేరు.

చావిడి తలుపు తెల్లగానే ఉంది. ఎదురుగా వేపచెట్టు నీడన నలుగురు మగవాళ్లు, ఒకే రంగు కండువాలతో వరసగా కూర్చొని పానకం తాగుతున్నారు. పక్కన రంగు డబ్బా, బ్రష్షు, అరచేతంత తాళం. కొండమ్మ చెంబుతో మళ్లీ పోస్తోంది. ఊళ్లో మగవాళ్లంతా నిప్పుల గుండానికి కట్టెలు తేవడానికి వాగు అవతలికి వెళ్లారు. ఆ వేళ చూసుకునే వీళ్లు వచ్చినట్టున్నారు. అరుగు మీద శ్యాంసన్ బాసింపట్టు వేసుకొని ఉన్నాడు. అతని బ్యాగు జిప్పు కూడా తెరవలేదు.

"ఇంకెంత సేపన్నా?" ఏడుకొండలు శ్యాంసన్‌ను బతిమాలుతున్నాడు. "కెమెరా తీయి, రెండు నిమిషాల్లో అయిపోతది."

"నువ్వు చేసుకోబ్బా. చేస్తే చూస్తా, చూసింది రాస్తా. నేను విలేకరిని. నీకు పెళ్లి వీడియో తీసేవాణ్ణి కాదు."

"తీయకుంటే చేసి ఏం లాభమన్నా?"

"ఆ మాట నన్నడుగుతావేంది?"

అప్పుడే ఏడుకొండలు గోవర్ధన్‌ను చూశాడు. భుజాన బ్యాగు చూశాడు. అతని మొహం వెలిగిపోయింది. "అన్నొచ్చినాడు! కెమెరా వచ్చింది! లేయండిరా!"

నలుగురూ గ్లాసులు పడేసి లేచారు. కండువాలు తలకు చుట్టారు. ఒకడు డబ్బా మూత ఊడదీశాడు. నినాదాలు మొదలయ్యాయి. అప్పటిదాకా పానకం తాగిన గొంతులు గదా, బాగా లేచాయి. వీధి చివర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చి చూశారు. ఒకామె బిడ్డను ఎత్తుకొని లోపలికి పరుగెత్తింది.

అరుగు మీద నుంచి శ్యాంసన్ చూసిన చూపు గోవర్ధన్ గుండెలో గునపంలా దిగింది. అంతసేపూ చల్లారి ఉన్నదాన్ని రాజేసింది తనే. తను కూడా కాదు, తన భుజాన ఉన్న బ్యాగు!

బ్రష్షు డబ్బాలో మునిగింది. గోవర్ధన్ గబగబా నాలుగడుగులు వేసి కొండమ్మ దగ్గరికి వెళ్లాడు. భుజం మీది బ్యాగు తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

"అత్తా, దీన్ని లోపల పెట్టు."

"యాడ నాయనా?"

"చావిడి లోపల. సాయంత్రం దాకా తీయొద్దు."

కొండమ్మ బ్యాగును బియ్యం మూటలా చంకన పెట్టుకొని లోపలికి వెళ్లింది. డప్పుల పక్కన పెట్టి వచ్చి, గడప మీద కాళ్లు బారజాపి కూర్చుంది. శ్యాంసన్ లేచి, తన బ్యాగు కూడా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "నాది గూడ, అత్తా." ఆమె దాన్నీ గడప లోపలికి జరిపింది.

నినాదాలు తగ్గి ఆగిపోయాయి. ఏడుకొండలు ఒక చేత్తో తాళం, ఒక చేత్తో తాళంచెవి పట్టుకొని నిలబడ్డాడు.

"అన్నా, కెమెరాలు లోపలుంటే తాళం ఎట్ల వేసేది?"

"అది నీ తిప్పలు" అన్నాడు శ్యాంసన్.

"ఫోన్లో తీయిరా! నువ్వు తీయరా దస్తగిరీ!" అని ఏడుకొండలు వెనక్కి తిరిగి అరిచాడు. ఆటో నడిపేవాడిలా ఖాకీ చొక్కా మీద కండువా వేసుకున్న మనిషి ఫోన్ ఎత్తాడు.

గడప మీద నుంచి కొండమ్మ తల పైకెత్తింది. "దస్తగిరా? ఏ పీర్ల కాడ పెట్టినారు నాయనా నీకు ఆ పేరు?"

అతని చెయ్యి కొంచెం దిగింది. "మా ఊళ్లోనే. గిద్దలూరు దిక్కు."

"బిడ్డలు నిలవకుండిరా మీ యమ్మకు?"

"ముగ్గురు పోయినారంట. నా కాడికి పీర్లకు మొక్కుకున్నారు."

"ఇంకేం, మా పీర్ల బిడ్డవే గదా. కడుపు నిండా తాగినావా, ఇంకొంచెం పోయమంటావా?"

దస్తగిరి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అన్నా, ఎండ దంచుతాంది. పోదామన్నా" అన్నాడు నేలకేసి చూస్తూ. "నువ్వు గూడానా?" అని ఏడుకొండలు పళ్లు కొరికాడు గానీ, మిగతా ఇద్దరూ అప్పటికే మూత ఎక్కడ పడిందా అని వెతుకుతున్నారు.

అప్పుడే వాగు వైపు నుంచి కట్టెల ట్రాక్టరు వచ్చింది. ముందు యల్లయ్య, వెనక మౌలాలి సాహెబు, వాళ్లతో పాతిక మంది దాకా మగవాళ్లు. కండువాలనూ రంగు డబ్బానూ చూసిన యల్లయ్య భుజం మీది గొడ్డలి కిందికి దించాడు. ఇప్పుడు ఒక్క మాట తప్పు పడితే, కెమెరాలు ఎక్కడున్నా ఒకటే.

"ఏందే వీళ్లు? ఏందా డబ్బా?" అన్నాడు యల్లయ్య.

"ఎండన పడి వచ్చినారు. పానకం పోసినా. పోతాండారు" అంది కొండమ్మ. "మన పానకం తాగినోళ్లు. వాళ్ల మీద చెయ్యి లేస్తే సాయంత్రం పీరు నీ భుజానికి రాదు, చెప్తాండా."

యల్లయ్య గొడ్డలిని ట్రాక్టరులోకి విసిరాడు. సరిగ్గా అప్పుడు కానిస్టేబుళ్ల బండి వచ్చింది. నలుగురి పేర్లూ రాసుకొని, డబ్బా తాళంతో సహా వాళ్లను స్టేషనుకు తీసుకుపోయారు. పోతూ పోతూ దస్తగిరి మాత్రం చావిడి వైపు ఒకసారి తిరిగి చూశాడు.

గోవర్ధన్ అరుగు మీద కూలబడ్డాడు. "నువ్వు తీసేదానికే వచ్చినావనుకున్నా బావా."

"తెలుసు. బండి తోలుకోని వచ్చేటప్పుడే నీ మొహం చూసినా."

"మరి నిన్న చెప్పొచ్చు గదా?"

"నిన్న నాకే తెలవదు. రాత్రంతా ఆలోచన చేసినా. అందరం మిస్ అవుదామంటివి. వాళ్లు మాత్రం వచ్చి ఫోన్లో తీసుకొని, నాలుగు అబద్ధాలు కలిపి వదిలితే? ఆ ఊరివాళ్లే ముందు కొట్టినారంటే? కాదని చెప్పేదానికి మనలో ఎవరున్నారు? ఎవడో ఒకడు చూడాల బావా. చూపించకపోయినా, చూడాల."

అందర్నీ కూర్చోబెట్టి తను వేసిన ఎత్తులో ఎంత పెద్ద చిల్లు ఉందో గోవర్ధన్‌కు అప్పుడు కనిపించింది. ఆ చిల్లుకు అడ్డంగా ఈ పోటీవాడు ఎండలో వచ్చి ఒంటరిగా కూర్చున్నాడు. తనొచ్చి చెడగొట్టబోయాడు కూడా.

"నీ రుణం ఉంచుకోను బావా."

"ఉంచుకోవాకు. ఈసారి నా ఎక్స్‌క్లూజివ్‌ను నువ్వు ఎత్తుకుపోకుంటే చాలు."

"ఎత్తుకుపోయేది నువ్వు గదరా!"

కొండమ్మ ఇద్దరికీ పానకం తెచ్చింది. గోవర్ధన్ ఆగలేక అడిగాడు. "అత్తా, వాళ్లెందుకు వచ్చినారో నీకు తెలవదా?"

"రంగు డబ్బా, తాళం పట్టుకోని పానకానికి ఎవరొస్తారు నాయనా? అంత తెలవని దాన్నా?" అందామె. "ఈ దినం గడప తొక్కినోళ్లకు దాహం తీర్చకుంటే తప్పు. తక్కింది పీర్లు చూసుకుంటాయి అనుకున్నా. ఈ అబ్బాయి గూడ వచ్చి కూసున్నాడు. ధైర్యమాయె."

ఫోన్ మోగింది. ప్రసన్న. "ఏం జరిగింది గోవర్ధన్ గారూ?"

"నలుగురు వచ్చారు మేడం. పానకం తాగారు. పోలీసులు తీసుకెళ్లారు. తలుపుకు చుక్క రంగు పడలేదు."

"విజువల్స్?"

"లేవు. ఎవరి దగ్గరా లేవు. జరిగిందంతా మేమిద్దరం కళ్లారా చూశాం. పండగ ఆపాలని చూసినవాళ్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారని నాలుగు లైన్లు పంపుతా. వాళ్ల సేన పేరు వద్దు, పోస్టరూ వద్దు. పేరు కోసమే వచ్చారు మేడం."

"సరే. ఆ పోస్టరును ఇక్కడ ఒకరు ఎడిట్‌కు కూడా ఇచ్చారు. తీయించేస్తాను" అంది ప్రసన్న. ఆ తర్వాత గొంతు మార్చి, "పీర్లు లేచేదెప్పుడు? అవి పంపండి. నాకు చూడాలనుంది" అంది.

సాయంత్రం డప్పులు మోగాయి. ఊదు పొగలో మౌలాలి సాహెబు దట్టీ గుడ్డ కట్టి పీరును ఎత్తి ఇచ్చాడు. యల్లయ్య కళ్లు మూసుకొని భుజానికి ఎత్తుకున్నాడు. కొండమ్మ చావిడిలోంచి రెండు బ్యాగులూ తెచ్చి, ఏది ఎవరిదో తెలియక రెండూ గోవర్ధన్ చేతుల్లోనే పెట్టింది.

అతను శ్యాంసన్ బ్యాగు శ్యాంసన్‌కు ఇచ్చాడు. ముందు దారి కూడా అతనికే ఇచ్చాడు.

"మొదటి షాట్ నీది బావా" అన్నాడు.