విప్పని కవరు

వంటగట్టు మీద వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, స్టాంపులంటిన కవరు ముక్కలు అందులో వేసి, అవి తమంతట తాము ఊడివచ్చేదాకా కనిపెట్టుకుని కూర్చోవడం ఆమెకు పెళ్లయిన కొత్తలోనే అంటగట్టిన పని. ఊడినవాటిని పాత పత్రికల మధ్య ఆరబెట్టాలి, పైన బరువు పెట్టాలి, వెనక చిన్న జిగురు చీటీ మడిచి ఆల్బమ్‌లో అంటించాలి. అటు పొయ్యి మీద పాలు, ఇటు పళ్లెంలో రాజులూ రాణులూ! ప్రదర్శనలో బహుమతి పుచ్చుకుని ఫొటో దిగేది మాత్రం ఆయన. "మా ఆవిడకి ఇవేమీ పట్టవండీ" అని పదిమందిలో నవ్వేవాడు. వెనక వరుసలో కూర్చుని, వేళ్లకంటిన జిగురు గోటితో గీక్కుంటూ ఆవిడా నవ్వేది.

ఈసారి స్టాంపుల సంఘం పెద్ద కొత్త సలహా ఇచ్చాడు. స్టాంపు ఊడదీయకుండా, తపాలా ముద్రతో సహా కవరు కవరంతా పెడితే చూసేవాళ్లకు మతి పోతుందట. ఆదివారం పొద్దున్నే ఆయన బీరువా మీది రేకుపెట్టె దింపి, తాళం తీసి ఆమె ముందు పెట్టాడు. తుడవడానికి కూడా ఏనాడూ ఆమె చేతికివ్వని పెట్టె అది.

"జిగురు చీటీలొద్దు, మరకలు పడతాయి. మూలలకి పట్టీలా, ప్లాస్టిక్ తొడుగా, ఏది బాగుంటుందో నువ్వే చూడు" అని గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.

ఏది బాగుంటుందో నువ్వే చూడు! ఆ ఇంట్లో ఆ మాట వినడం అదే మొదలు. కాస్త పొంగిపోయింది కూడా, పిచ్చితల్లి. ఒక్కో కవరూ తీసి తిప్పి చూస్తోంది. నాలుగో దాని మీద స్టాంపులో పక్షి తలకిందులుగా అచ్చయి ఉంది. మూల పట్టీలు సరిపోతాయా అని కొలవబోతూ చిరునామా చదివింది.

తన పేరు.

పుట్టింటి ఇంటిపేరుతో సహా తన పేరే. పంపింది టెలిఫోన్ కార్యాలయం. ముద్ర మీద తేదీ పెళ్లయిన రెండో ఏడుది. అంచు చింపలేదు, అతుకు విప్పలేదు.

ఆ కార్యాలయంలో ఉద్యోగానికే పరీక్ష రాసి, మూడు నెలలు పోస్టుమాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఆవిడ. "గేటుకి వేలాడితే ఉద్యోగం ఊడిపడుతుందా? ఆ మొహానికి ఉద్యోగం కూడానా!" అని అత్తగారు. "రాలేదంటే తప్పావన్నమాట. ఏడవకు, ఇంట్లో నీకేం తక్కువ?" అని ఈయనే తల నిమిరాడు. తల నిమిరాడు! తనకు తెలివి లేదనే ఇన్నేళ్లూ నమ్మింది. కూతురు లెక్క అడిగితే "మీ నాన్ననడుగమ్మా, నాకేం తెలుసు" అంది. ఏ కాగితమైనా వేలు పెట్టి చూపించిన చోటల్లా చదవకుండా సంతకం చేసింది.

"ఏమండీ..."

సబ్బు నురగ మొహంతో వచ్చాడు. "అయ్యో, వంచకు దాన్ని! ఆ పక్షి చూడు. అలాంటిది మన ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు."

"దీని మీద నా పేరుందండీ."

"ఉంటే? విప్పితే కవరు పాడవుతుందని పక్కన పెట్టాను. తరవాత చెబుదామనుకున్నా. అప్పటికే నీకు నెల తప్పింది కదా, చెప్పినా వెళ్లేదానివా?"

"అడిగారా?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ? చిరునామా మీద తెల్లకాగితం వెయ్యి. స్టాంపు కనబడితే చాలు. రేపు పొద్దున్న ప్రదర్శనలో ఇదే మొదటి పేజీ."

కూరలో ఉప్పు మరిచిపోయినంత తేలిగ్గా చెప్పి మళ్లీ అద్దం ముందుకు వెళ్లిపోయాడు. దాచాడని కూడా కాదు, అందులో ఏముందో చూడాలని కూడా ఆ మనిషికి అనిపించలేదు!

కూరల కత్తి తీసుకుంది. స్టాంపుకి తగలకుండా పక్క అంచు నిదానంగా కోసింది. లోపల ఒకే కాగితం. వచ్చే నెల ఒకటో తారీకున ఉద్యోగంలో చేరవలసిందని, ఎంపికైనవారిలో ఆమెదే మొదటి పేరని రాసి ఉంది.

కళ్లు తుడుచుకుని మొదటి పేజీ తెరిచింది. కవరుకి నాలుగు పట్టీలు, ఉత్తరానికి నాలుగు పట్టీలు వేసి పక్కపక్కనే పెట్టింది. చిరునామా మీద ఏ కాగితమూ వెయ్యలేదు. అడుగున తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

"ఈ ఉత్తరం నాది. ఈ ఉదయమే నాకు అందింది."