నాలుగు కాళ్ల బటన్

శ్రావణమాసంలో ఒక గురువారం సాయంత్రం శాంభవి బడి నుంచి వచ్చేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. ముందుగదిలో కుర్చీలో విఠల్ కూర్చుని ఉన్నాడు. ఆటోనగర్లో కొట్టు కట్టేశాక బస్సెక్కి అతను కొండపల్లి చేరేసరికి రోజూ ఎనిమిది దాటుతుంది. ఇంకా పొద్దు వాలకుండానే ఇంట్లో ఉన్నాడంటే ఏదో జరిగిందన్నమాటే.

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?"

విఠల్ జేబులోంచి మిషను తీసి బల్ల మీద పెట్టాడు. దాని బటన్ నొక్కి చూపించాడు. చప్పుడు లేదు.

మూడేళ్ల కిందట గొంతులో క్యాన్సరని తేలితే డాక్టర్లు అతని స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అప్పటినుంచి చిన్న టార్చిలైటంత ఉండే ఈ మిషనే అతని గొంతు. దాన్ని దవడ కింద ఆనించి బటన్ నొక్కితే తుమ్మెదలా రొద చేస్తుంది. ఆ రొదను పెదాలతోనూ నాలుకతోనూ మాటలుగా మలుచుకోవాలి. కోపమైనా ముద్దైనా ఒకటే స్థాయి. అయినా విఠల్ రెండు నెలల్లో దాన్ని లొంగదీసుకుని, లారీ స్పేరుపార్టుల కొట్లో తన కౌంటరు దగ్గరికి తిరిగి వెళ్లిపోయాడు. వెయ్యి రకాల పార్టుల నంబర్లు అతనికి నోటికొచ్చు.

శాంభవి మర్నాడే కంపెనీకి ఫోన్ చేసింది. ఢిల్లీ పంపాలన్నారు, మూడు నెలలు పట్టొచ్చన్నారు. మైలవరంలో, తను లెక్కలు చెప్పే హైస్కూలు ఎదురుగా ఉన్న సెల్‌ఫోన్ల కొట్టులో అడిగితే, "మెడికల్ ఐటమండీ, ఏదైనా అయితే మా మీదకొస్తుంది" అంటూ ముట్టుకోకుండానే తిరిగిచ్చేశారు. ఇంకో ఇద్దరూ అదే మాట. విఠల్ పనిచేసే కొట్టు యజమాని మంచివాడే, బాగయ్యేదాకా ఇంటిపట్టున ఉండమన్నాడు.

ఆసుపత్రి రోజుల నాటి పలక మళ్లీ బయటికొచ్చింది. మొదట్లో విఠల్ గబగబా రాసేవాడు, తుడిచేవాడు, మళ్లీ రాసేవాడు. రానురాను తుడవడం తగ్గింది. ఎనిమిదోరోజున, పొద్దున్న ఏడింటికి రాసిన 'కాఫీ' అన్న మాట సాయంత్రం దీపాలు పెట్టేవేళకి కూడా పలక మీద అలాగే ఉంది. శాంభవి దాన్ని చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండో శనివారం బడికి సెలవు. మిషను తువ్వాల్లో చుట్టుకుని ఆటోనగర్ వెళ్లింది. విఠల్ కొట్టు వెనక వీధిలో మరియదాసు అని లారీల కంప్యూటర్ బోర్డులు బాగుచేసే ఆయన ఉన్నాడు. అరవై దాటినవాడు. విఠల్‌తో ఏళ్లతరబడి టీ స్నేహం.

మరియదాసు కొట్టుముందు కుర్చీలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. మొన్ననే రెండో కంటికి శుక్లం ఆపరేషనైంది. మొదటి కన్ను ఎన్నడో పాడైపోయింది. శాంభవి పలకరించింది.

"ఎవరూ? శాంభవమ్మగారా? గొంతుని బట్టి పోల్చుకున్నానమ్మా. కూర్చోండి. నాకిప్పుడు అందరూ మసక మనుషులే."

విషయం విన్నాడు. మిషను చేతికి తీసుకుని బటన్‌ని నాలుగైదుసార్లు వేలితో నొక్కి చూశాడు.

"టిక్కుమనట్లేదు, మెత్తగా దిగిపోతోంది. మూత తియ్యండమ్మా, ఆ డబ్బాలో స్క్రూడ్రైవరుంది. బటన్‌కి బోర్డు వెనక ఎన్ని కాళ్లున్నాయి?"

"నాలుగండీ."

"మీ గాజుకి పిన్నీసుందా? ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్లకీ ఒకేసారి తగిలించండి."

శాంభవి భయంభయంగా తగిలించింది. మిషను ఒక్కసారిగా గుయ్యిమంది. పది రోజుల తర్వాత విన్న ఆ రొదకి ఆమె పిన్నీసు జారవిడిచింది.

"అదీ! స్విచ్చొక్కటే పోయింది. బోర్డు బంగారంలా ఉంది" అన్నాడు మరియదాసు. "పావుగంట పని. పాత స్విచ్చి కాళ్ల చుట్టూ ఉన్న సీసం పీల్చేసి, దాన్ని ఊడబెరికి కొత్తది పెట్టడమే. కానీ నెల్రోజులు వంగద్దన్నారమ్మా డాక్టరు. ఆగలేరా?"

శాంభవికి పలక మీది 'కాఫీ' గుర్తొచ్చింది. "ఆగలేమండీ. ఈ వీధిలో ఇంకెవరన్నా..."

"ఉన్నారు. లారీ బోర్డులు మొరటువి, వాటికి పెట్టే వేడి దీనికి పెడితే బోర్డు మీద అతికిన రాగి లేచిపోద్ది. నేనైతే వాళ్లకివ్వను." ముఖం ఆమె వైపు తిప్పి, "మీరే చెయ్యండి" అన్నాడు.

"నేనా? లెక్కలు చెప్పడం తప్ప నాకేం తెలుసండీ!"

"ముప్పై ఏళ్ల నుంచి పిల్లలకి లెక్కలు చెబుతున్నారుగా. ఓపిక లేకుండానే చెబుతున్నారా? ఇదీ ఓపిక పనే."

తడుముకుంటూ సొరుగు లాగి నాలుగు పంపులు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. చూడడానికి హోలీ పిచికారీల్లా ఉన్నాయి, కాకపోతే ఇవి చిమ్మవు, పీలుస్తాయి. వెనక కడ్డీ లోపలికి నొక్కితే స్ప్రింగు బిగుసుకుంటుంది. పక్కనున్న మీట నొక్కితే కడ్డీ ఠప్పున వెనక్కి తన్ని, కరిగిన సీసాన్ని మూతిలోంచి లోపలికి లాగేస్తుంది. 'సక్కర్' అంటారు దాన్ని ఆ వీధిలో.

మొదటిది పొడుగాటి ఉక్కుది. శాంభవి బొటనవేలితో నొక్కింది. సగం కూడా దిగలేదు. రెండు చేతులతో దించి మీట నొక్కేసరికి మొత్తం పంపే ఎగిరిపడింది.

"అది నా చేతికి సరిపడ్డదమ్మా. లాగుడు గట్టిదే, కానీ అలా తన్నిందంటే మూతి వెళ్లి బోర్డుకి పొడుచుకుంటది. పక్కన పెట్టండి. ఆ నీలంది చూడండి. మూతి మీద వేలు పెట్టి మీట నొక్కండి. వేలు పట్టుకుందా?"

"లేదండీ."

"లోపల రబ్బరు రింగు అరిగింది. గాలి లాగదు. సగం సీసం పీల్చి సగం వదిలేసేదానికన్నా, పంపు లేకపోవడం నయం."

మూడోది మరీ చిన్నది, బొమ్మలా ఉంది. నాలుగోది జానెడుంది, కడ్డీ ఒక్క బొటనవేలికే దిగింది. వేలు పెట్టి చూస్తే చర్మాన్ని ముద్దుపెట్టుకున్నట్టు లాగింది. మూతికి తెల్లటి మెత్తని గొట్టం.

"అదీ మీది. ఆ మెత్తటి మూతి వేడికి కరగదు, బోర్డు మీద ఆనించినా ఒరుసుకోదు. నాదాని మూతి పాతబడింది, అలాంటిదే కొత్తది గవర్నరుపేటలో తెచ్చుకోండి. సీసం కరిగించడానికి నా సోల్డరింగ్ ఐరన్ తీసుకెళ్లండి. కొత్త స్విచ్చీ, పాడైపోయిన బోర్డులూ ఇస్తా, ఆ బోర్డుల మీద వందసార్లు చేసి, అప్పుడు అయ్యగారి దాన్ని ముట్టుకోండి."

గవర్నరుపేటలో శాంభవి ఒక్కో పంపు మూతి మీదా వేలు పెట్టి మీట నొక్కి చూస్తుంటే, కొట్టతను కాస్త వింతగా చూసి, తర్వాత తనే పెట్టెలన్నీ ముందు పెట్టాడు.

ఆ వారమంతా బడి నుంచి రాగానే బల్ల మీద పేపరు పరుచుకుని కూర్చునేది. పని చెప్పుకోవడానికి సులువే. ఐరన్ మొనని కాలికీ సీసానికీ కలిపి ఆనించాలి. సీసం ముందు మొద్దులా ఉండి, చటుక్కున నీటిబొట్టులా మెరుస్తుంది. ఆ మెరుపులోనే పంపు మూతి ఆనించి మీట నొక్కాలి. మెరవకముందు నొక్కితే ఏమీ రాదు. మెరిశాక తాత్సారం చేస్తే బోర్డు మాడుతుంది. మొదటిరోజు ఆమె చేసినవన్నీ తప్పులే. రెండోరోజు ఒకచోట రాగిచుక్క బోర్డు నుంచి ఉల్లిపొరలా లేచివచ్చేసింది. మిషను బోర్డుకిలా అయితే? వెంటనే మరియదాసుకి ఫోన్ చేసింది.

"ఎంతసేపు పెట్టారు?"

"పది లెక్కపెట్టేదాకా."

"మూడు, మహా అయితే నాలుగు. కరక్కపోతే తీసెయ్యండి, చల్లారనివ్వండి, మళ్లీ పెట్టండి. మొండికేసిన పాత సీసానికి కొత్తసీసం చుక్క తగిలిస్తే, దాంతోపాటు అదీ కరుగుద్ది. నాలుగుసార్లకోసారి కడ్డీ నొక్కి లోపల పేరుకున్న పొడి దులపండి."

శనివారానికి ఆమె చేతికి లెక్క కుదిరింది. ఒకటి, రెండు, మూడు, ఠప్! కాలు చుట్టూ శుభ్రమైన రంధ్రం. ఇంట్లో ఈ ఠప్పులు వినిపిస్తున్నంతసేపూ విఠల్ వరండాలోనే కూర్చునేవాడు. ఒక్కసారీ వచ్చి చూడలేదు. అతనికి ఆశ పెట్టుకోవడం భయమేమోననుకుంది శాంభవి.

ఆదివారం పొద్దున్న మిషను మూత విప్పి బల్ల మీద పెట్టగానే అతను లోపలికి వచ్చాడు. పలక అందుకుని రాశాడు. 'వద్దు.'

"ఏం పాడవదండీ, వందసార్లు చేశాను."

అడ్డంగా తలూపి, పలక తుడిచి, చాలాసేపు రాశాడు. 'ఫోన్లో నా మాట వినగానే, మిషను కాదు, మనిషినివ్వండి అంటారు. రోజుకి నలుగురైనా. మూడేళ్లుగా.' తుడిచాడు. 'అది పోయిన రోజు హాయిగా అనిపించింది.'

శాంభవి ఆ అక్షరాలు మళ్లీ చదివింది. మూడేళ్లు రోజూ రాత్రి భోజనాల దగ్గర కొట్లో సంగతులన్నీ చెప్పేవాడు. డ్రైవర్ల బేరాలు, యజమాని చాదస్తం, అన్నీ. ఈ ఒక్కటీ చెప్పలేదు. అన్ని మాటల్లో ఏదో మింగుతున్నాడని తనకీ తోచలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన మీద కోపం కూడా వచ్చింది.

"సరే" అంది చివరికి. "మాట్లాడతారో మానేస్తారో మీ ఇష్టం. నేను బలవంతపెట్టను. కానీ మానేస్తే మీకు వద్దని మానెయ్యండి. బటన్ పాడైందని కాదు. బాగుచేసి ఇస్తాను, సొరుగులో పడేసుకోండి."

ఆమె ఐరన్ పెట్టింది. మొదటి కాలు, ఠప్. రెండోది మొదలుపెట్టేసరికి తేలికైన ఆ బోర్డు బల్ల మీద జారింది. ఆమెకున్నవి రెండే చేతులు, ఒకదాంట్లో ఐరన్, ఒకదాంట్లో పంపు. ఇంకోసారి జారింది. విఠల్ కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు. రెండు చూపుడువేళ్లతో బోర్డు అంచులు నొక్కిపట్టుకున్నాడు.

రెండు, మూడు వచ్చేశాయి. నాలుగోది రాలేదు. బోర్డు మీద వెడల్పాటి రాగిరేకుకి అతుక్కుని ఉండడంతో పెట్టిన వేడంతా ఆ రేకు తాగేస్తోంది. నాలుగు లెక్కపెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది. సీసం మొద్దుగానే ఉంది. నుదుటి చెమట కంట్లోకి దిగుతుంటే విఠల్ ఒక చెయ్యి తీసి కండువా అంచుతో తుడిచి, మళ్లీ బోర్డు పట్టుకున్నాడు. ఆమె కొత్తసీసం చుక్క తగిలించింది. ఒకటి, రెండు, మూడు. మెరిసింది. ఠప్! పాత బటన్ తనంతట తనే వదులై పేపరు మీద పడింది.

కొత్తది అతికించి, బ్యాటరీ పెట్టి నొక్కింది. గుయ్యిమంది. ఆమె మిషనుని అతని ముందు పెట్టి, పేపరు మడిచి, పప్పు పొయ్యి మీద పెట్టడానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి అది బల్ల మీద లేదు. సొరుగులో పెట్టుకున్నాడని తెలిసింది. ఆమె ఇక ఆ ఊసెత్తలేదు. వారం గడిచింది, పలకే నడిచింది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం మరియదాసు ఐరన్ తిరిగివ్వడానికి బయల్దేరుతుంటే విఠల్ కూడా చెప్పులేసుకున్నాడు, పలక సంచీలో పెట్టుకుని. మరియదాసు అదే కుర్చీలో, అవే నల్లద్దాల్లో ఉన్నాడు.

"అమ్మగారా! అయిందా పని?" అన్నాడు అడుగుల చప్పుడుకే. "పక్కనెవరూ?"

విఠల్ పలక మీద ఏదో రాసి అతని చేతికిచ్చాడు. మరియదాసు దాన్ని తడిమాడు, తిరగేశాడు. చేతికి సుద్ద అంటింది.

"పలకా? ఎవరయ్యా బాబూ, ఈ వయసులో నాకు అక్షరాభ్యాసం చేయిస్తున్నారు! నాకు కనపడదు. మాట్లాడండి."

శాంభవి నోరు తెరవబోయి ఆగిపోయింది. తను చెప్పేస్తే అయిపోతుంది. చెప్పకూడదనిపించింది. విఠల్ కాసేపు వీధి చివరిదాకా చూశాడు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి మిషను తీసి దవడ కింద పెట్టుకున్నాడు.

"దాసుగారూ. నేను."

"వచ్చారూ!" మరియదాసు చెయ్యి చాచి అతని మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. "విఠల్‌గారే! 'గారూ'ని అలా సాగదీసేది ఈ ఆటోనగర్ మొత్తమ్మీద మీరొక్కరే. ముందు నుంచీ అంతేగా. కూర్చోండి, టీ చెప్తా. పాత టాటా బండికి క్లచ్చి ప్లేటు నంబరెంతో చెప్పండి, పొద్దుట్నుంచి ఒకాయన చంపుతున్నాడు."

విఠల్ నంబరు చెప్పాడు. మరియదాసు అది తప్పన్నాడు. విఠల్ కాదన్నాడు. ఇద్దరూ టీ చల్లారేదాకా వాదించుకున్నారు. శాంభవి వాళ్లకి కాస్త దూరంగా జరిగి, బోర్డుల గుట్ట పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎవరూ చూడకుండా కొంగుతో కళ్లొత్తుకుంది.

సోమవారం నుంచి కౌంటరుకి వెళ్తాననీ, ఫోన్లు మాత్రం ఇంకెవరైనా ఎత్తాలనీ యజమానికి చెబుతానన్నాడు విఠల్ దారిలో. "అంతమాత్రం అడగొచ్చుగా" అన్నాడు. "ఎందుకడక్కూడదు" అంది శాంభవి.

బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు వచ్చేసరికి విఠలే మిషను తీశాడు.

"ఒకటి కొండపల్లి. ఆవిడకి ఆధార్ కార్డుంది, ఆడవాళ్ల ఉచిత ప్రయాణం, సున్నా టికెట్టు."

ముందు సీట్లో పాప గిర్రున వెనక్కి తిరిగి చూసింది. ఇంకో నలుగురూ తిరిగారు. విఠల్ వాళ్ల వైపు ఒకసారి చూసి, మిషను దవడ కింద నుంచి తియ్యకుండానే శాంభవి వైపు వంగాడు.

"రాత్రికేం వండుతున్నావు?"