వంతెన మీద మిస్సింగ్

రైలు లైను మీది వంతెన సగం ఎక్కేసరికి కారు మళ్లీ వణికింది. తులసి యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కింది. ఇంజిన్ అంటుకుంటూ ఆగుతూ మిస్ కొట్టింది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగి ఆరుతోంది. వెనక లారీ హారన్ మోగించింది. వెనక సీటు తీసేసి పెట్టిన ఐసు పెట్టెల్లో కోనెం చేపలున్నాయి. పక్క సీట్లో తల్లి లక్ష్మణమ్మ ఉంది.

వంతెన దిగాక లక్ష్మణమ్మ చెప్పింది.

"ఆదివారం దాకా సూస్తాను. బాగుపడకపోతే ఎవరికో ఒకరికి అమ్మేద్దాం. సోమవారం నుంచి రమ్మని ఆటో గంగులుకి సెప్పేసినాను. నాను మునుపట్లాగే ఆటోలో ఎల్తాను. నువ్వు ఇంటికాడ ఉందువుగాని."

చివరి మాట తులసికి తగిలింది. రేవులో చేపలు కొని రాజాం తెచ్చి అమ్మడం తల్లి చేసే వ్యాపారం. కారు వచ్చాకే అందులో తులసికి చోటు దొరికింది. బొబ్బిలిలో రెండు హోటళ్లను ఆమే మాట్లాడి పెట్టుకుంది. ఆటో అంత దూరం పోదు.

అది పాత పెట్రోలు కారు, టర్బో ఉన్నది. రాజాంలో మెకానిక్ ధనరాజ్ స్కానర్ పెట్టి చూశాడు. మిస్సింగ్ ఉందని అదీ చెప్పింది, ఎందుకో చెప్పలేదు. ప్లగ్గులు మార్చాడు. కాయిల్స్ అటువి ఇటు వేసి చూశాడు. తేడా లేదు. పాత బండి బరువు మోయలేకపోతోందని అందరూ తేల్చేశారు.

చేపలు అమ్ముడయ్యాక తల్లీకూతుళ్లు మళ్లీ అతని షెడ్డుకు వెళ్లారు. బరువు సంగతి కాదని తులసి చెప్పింది. పెట్టెలు నిండుగా ఉన్నా మెల్లగా తొక్కితే బండి బాగానే పోతోంది. ఖాళీగా ఉన్నా ఒక్కసారి గట్టిగా తొక్కితే మిస్ కొడుతోంది.

ధనరాజ్ పానా కింద పెట్టాడు. "ఈ ముక్క మొన్నే సెప్పలేదేటి?"

"నువ్వు అడిగితే కదా మావా."

"మిస్ కొట్టే ముందు బుస కొడతాది కూడాను," అంది లక్ష్మణమ్మ. "టర్బో అంటే అదే అనుకున్నాను."

తల్లికి తగ్గ కూతురని గొణుక్కుంటూ ధనరాజ్ బానెట్ ఎత్తాడు. గట్టిగా తొక్కినప్పుడే టర్బో గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుందని, ఆ గాలి దారిలో ఎక్కడో బయటికి పోతోందని చెప్పాడు. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైతే మంట సరిగా అంటుకోదు. పక్కనున్న పంక్చర్ షాపు నుంచి గాలి గొట్టం లాక్కొచ్చాడు. గాలి లోపలికి వెళ్లే దారికి మూత బిగించి, ఆ మూతలోంచి గొట్టంతో కొద్దిగా గాలి వదిలి, పైపుల మీద సబ్బు నీళ్లు పోశాడు. టర్బో నుంచి పైకి వచ్చే రబ్బరు పైపు వంపులో, క్లిప్పు పక్కన నురగ పొంగింది.

పైపు ఊడదీశాడు. నొక్కితే వేలు దిగింది. వంచితే చీలిక నోరు తెరిచింది. చేతికి నూనె అంటింది.

"రబ్బరుకి నూనె రాసిందెవరు? నూనె తగిలితే రబ్బరు మెత్తబడి సిరిగిపోతాది."

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తులసి తండ్రి పోతురాజు మరపడవ మీద ఇంజిన్ చూసేవాడు. మోకాలు పోయాక ఒడ్డునే ఉండిపోయాడు. ఉప్పు గాలి తినేస్తుందని ప్రతి ఆదివారం కారు బానెట్ ఎత్తి, పాత ఇంజిన్ ఆయిలు గుడ్డకు అద్ది లోపలున్నదంతా తుడుస్తాడు. ఇంట్లో అతనికి మిగిలిన పని అదొక్కటే.

కొత్త పైపు మర్నాడు విజయనగరం నుంచి బస్సులో వచ్చింది. ఆ సాయంత్రం తులసి వంతెన మొదట్లోనే గట్టిగా తొక్కింది. కారు ఒకే ఊపున ఎక్కింది. తండ్రికి ఏమీ చెప్పొద్దని లక్ష్మణమ్మ అంది. చెప్పకపోతే కొత్తదీ పాతదాని దారినే పోతుందని తులసికి తెలుసు.

ఆదివారం పోతురాజు ఆయిలు డబ్బాతో వచ్చాడు. తులసి పాత పైపు అతని చేతిలో పెట్టింది. అతను నొక్కాడు. వంచాడు. వేళ్లు వాసన చూసుకున్నాడు.

"నానే తినేసినాను దీన్ని."

"పడవలో ఈ పైపు లేదు కదా నాన్నా."

"పడవలో రబ్బరు పైపుల్లో నీళ్లే పోతాయి. ఇందులో పోయేదేటి?"

"గాలి."

"గాలికే ఇది సిరిగిపోయిందా?" అని ఆగాడు. "గాలికి బలం లేదని సముద్రం మీద తిరిగిన నాను అనకూడదులే."

డబ్బా తీసుకుని లోపలికి వెళ్లాడు. తులసి కారు దగ్గరే నిలబడింది. అతను తిరిగి వచ్చేసరికి చేతిలో చెంబు ఉంది, దాని నిండా సబ్బు నీళ్లు.

"ధనరాజ్ నురగెట్టి సూసినాడని మీ అమ్మ ఇప్పుడే సెప్పింది. క్లిప్పులు ఎక్కడెక్కడున్నాయో సూపించు. ప్రతి వారం నాను సూస్తాను. ఆయిలు తలుపు బందులకి రాస్తాను."

"గాలి గొట్టం కావాలి నాన్నా. ఉత్త నీళ్లు పోస్తే తెలీదు."

"సైకిల్ పంపు ఉన్నాది కదేటి."

తులసి బానెట్ ఎత్తింది. అరుగు మీద లక్ష్మణమ్మ ఫోనులో గంగులుతో మాట్లాడుతోంది. రేపు ఆటో తేవొద్దని, ఇక తను కూతురు బండిలోనే వెళ్తానని చెబుతోంది.